లోనికి వచ్చిందెవరు?

“ఆవేశపడకు” అని ఇంట్లో చీవాట్లు తిన్న పిల్లవాడే బడికి వెళ్లి “ఆవేశానికి ప్రమాణం కూలూంబు” అని రాస్తాడు. రెండూ ఒకటే మాటని వాడికి తోచదు. తోచకపోవడం మంచిదే. పరిభాషలోకి వచ్చిన పదం పాత ఊరి కబుర్లు చెబుతూ కూర్చుంటే పాఠం సాగదు. అయినా ఈ పదాన్ని ఊరికే పోనివ్వబుద్ధి కాదు. ద్రవ్యరాశి, త్వరణం, పీడనం లాంటి పేర్ల నడుమ ఇదొకటి గుడి నుంచీ, దయ్యాల కథల నుంచీ నేరుగా ప్రయోగశాలకు నడిచొచ్చింది. వస్తూ వస్తూ తన వెంట ఒక సిద్ధాంతాన్ని కూడా తెచ్చుకుంది. ఆ సిద్ధాంతం ఎంతదూరం నిలుస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నది చూడాలని నా కోరిక.

మాట సంస్కృతం. ధాతువు ‘విశ్’. ధాతుపాఠం దీనికి చెప్పిన అర్థం ప్రవేశించడం. దీని సంతతి మన ఇళ్లలోనూ కచేరీల్లోనూ బాగానే విస్తరించింది. ‘ప్రవేశం’ సంగతి చెప్పనక్కరలేదు. పదిమంది ఒకచోటికి వచ్చి కూర్చుంటే సమావేశం. దస్తావేజుల్లో ఇంటి జాగా నివేశన స్థలం. ఒక విషయంలోకి మనసు పూర్తిగా దిగిపోతే అభినివేశం. గ్రీకులో ఇంటికి ‘ఓయికోస్’ అన్న పేరూ, లాటిన్‌లో ఊరికి ‘వీకుస్’ అన్న పేరూ దీనికి దాయాదులే. ఆ ఓయికోసే ‘ఎకానమీ’ తలలో దాగి ఉంది. లోనికి వెళ్లడం ఒక అంగ, వెళ్లి అక్కడే కాపురం పెట్టడం రెండో అంగ. ‘ఆ’ అనే ఉపసర్గ ముందు చేరేసరికి వెళ్లినవాడు ఇంటి యజమానిని పక్కకు నెట్టి తానే పెత్తనం చేస్తాడు. భూతావేశం అంటే అదే కదా.

ఈ అర్థాన్ని శాస్త్రజ్ఞులకన్నా ముందు వైష్ణవులు చాలా జాగ్రత్తగా వాడారు. అవతారాల్లో పరశురాముణ్ణి ఆవేశావతారం అంటారు. రాముడూ కృష్ణుడూ పుట్టుకతో విష్ణువే. పరశురాముడు అలా కాదు, ఒక పని నిమిత్తం విష్ణుశక్తి ఆయనలో ప్రవేశించింది. పని తీరింది, రాముడు వైష్ణవ ధనుస్సును ఎక్కుపెట్టాడు, పరశురాముడు నిర్వీర్యుడయ్యాడు. డిశ్చార్జిని మన భౌతికశాస్త్ర పుస్తకాలు ఉత్సర్గం అన్నాయి. ఆ సన్నివేశానికి అంతకన్నా సరిపోయే మాట నాకు కనబడదు. (‘సన్నివేశం’ కూడా ఈ ఇంటిబిడ్డే.)

దేశి మాట పూనకం. సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి బోనాల్లో రంగం చెప్పే స్త్రీ పచ్చికుండ మీద నిలబడి మాట్లాడుతుంది. నోరు ఆమెది, మాట అమ్మవారిదని జనం నమ్మకం. పూనకం ‘పూను’ నుంచి వచ్చింది. రథానికి గుర్రాలను పూన్చడంలోనూ, పనికి పూనుకోవడంలోనూ ఉన్న పూను అది. అంటే తెలుగు తన సొంత మాటలో ప్రవేశాన్ని చూడలేదు, కాడి ఎత్తుకోవడాన్ని చూసింది. అమ్మవారు ఆమెను పూనింది, బండికి ఎద్దును కట్టినట్టు.

చిత్రమేమిటంటే విద్యుదావేశానికి ఇంగ్లీషు మాట ‘చార్జి’ కూడా బండి నుంచే బయల్దేరింది. లాటిన్‌లో బండి ‘కర్రుస్’. బండికి సరుకెత్తడం నుంచి బరువు మోపడం, బరువు మోపడం నుంచి బాధ్యత మోపడం, డబ్బు మోపడం, నేరం మోపడం, తుపాకిలో మందు మోపడం. ఆ కొమ్మలన్నీ మన ఊళ్లకు విడివిడిగా దిగుమతయ్యాయి: బస్సు చార్జీ, చార్జిషీటు, ఇన్‌చార్జి ఎమ్మార్వో, లాఠీచార్జి. ఫోన్‌కు పెట్టే చార్జింగ్ ఆఖరున వచ్చింది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1740ల చివర్లో విద్యుత్తును పట్టి ఉంచే లైడెన్ జాడీలతో ప్రయోగాలు చేస్తూ రాసిన ఉత్తరాల్లో ఈ మాట విద్యుత్తుకు స్థిరపడింది. జాడీని నింపడం ఆయన దృష్టిలో ఫిరంగిని దట్టించడం లాంటిదే కావచ్చు. ఎందుకంటే అలాంటి జాడీలను వరసగా కలిపి ఆయన పెట్టిన పేరు ‘బ్యాటరీ’, అంటే ఫిరంగుల బారు.

దీన్ని మన దేశపు భాషలు తలా ఒక రకంగా అందుకున్నాయి. మరాఠీ బరువునే తీసుకుని ‘ప్రభార్’ అంది. ఉర్దూ కూడా ‘బర్కీ బార్’ అంటుంది. బార్ అంటే బరువు. బెంగాలీ ‘ఆధాన్’ అంది, అంటే ఉంచడం. తమిళం ‘మిన్నూట్టం’ అంది. ఊట్టడమంటే తినిపించడం, మెరుపును తినిపించడమన్నమాట. హిందీ, కన్నడం, తెలుగు ‘ఆవేశం’ దగ్గర కలిశాయి. కాబట్టి ఇది మన ఒక్కరి ప్రతిభ అని చంకలు గుద్దుకోవడానికి లేదు. కానీ తేడా చూడండి. బరువును మోపేవాడు బయట ఉంటాడు. తినిపించేవాడూ బయటే. ఆవేశంలో బయటివాడు లేడు. వచ్చినదే లోపల ఉండి పని నడిపిస్తుంది. రుద్దిన గాజుకడ్డీ మునుపటి గాజులాగే కనబడుతూ మునుపు చెయ్యని పని చేస్తోంటే, ఆ కంటికి కనబడని మార్పుకు పేరుగా ఈ మాట నాకు బరువుకన్నా నచ్చుతుంది.

పేరు నచ్చడం వేరు, నిజం కావడం వేరు.

కథ గాజుకన్నా చాలా ముందు, తృణమణితో మొదలవుతుంది. రుద్దితే గడ్డిపరకను లాక్కునే మణికి సంస్కృత నిఘంటువుల్లో తృణమణి, తృణగ్రాహి అనే పేర్లున్నాయి. పారశీకులది ఇంకా సూటి మాట: ‘కాహ్‌రుబా’, గడ్డిదొంగ. అది అరబ్బీలోకి వెళ్లి ఈనాడు అరబ్బులకు కరెంటు పేరే అయింది. గ్రీకులు అదే మణిని ‘ఎలెక్ట్రోన్’ అన్నారు. 1600లో విలియం గిల్బర్ట్ ఆ పేరు నుంచి విశేషణం చేశాడు, 1646లో థామస్ బ్రౌన్ రాతలో ‘ఎలక్ట్రిసిటీ’ కనబడింది. యూరపు, అరబ్బు దేశాలు రెండూ కరెంటుకు ఒకే రాయి పేరు పెట్టుకున్నాయి. మనం మాత్రం ఆకాశం వైపు చూసి మెరుపు పేరు, విద్యుత్తు, పెట్టుకున్నాం. పిడుగూ తృణమణీ ఒకటేనని తేలింది పద్దెనిమిదో శతాబ్దంలో గనక, ఆలస్యంగా పెట్టుకున్న మన పేరుకు ఆ జ్ఞానం అప్పటికే అందుబాటులో ఉంది.

వైశేషిక సూత్రాల్లో ఈ ఆకర్షణ సంగతి ఒకచోట తగులుతుంది. సూది అయస్కాంతం వైపు జరగడం లాంటి కదలికలను తాకిడితోనో బరువుతోనో వివరించలేక, వాటికి కారణం ‘అదృష్టం’ అన్నాడు కణాదుడు. వ్యాఖ్యాతలు గడ్డిపరకను లాగే మణిని కూడా ఆ పక్కనే పెట్టారు. అదృష్టమంటే అక్కడ కంటికి కనబడనిది. ఆ మాట తెలుగులోకి వచ్చి లాటరీ టిక్కెట్టు మీద వాలింది. ఆకర్షణకు కారణంగా ఒకప్పుడు చెప్పిన మాటను ఇవాళ “అదృష్టం కలిసొచ్చింది” అని వాడుకుంటున్నాం. కూలూంబ్ బలం కన్నా అదృష్టానికే మనవాళ్లలో పలుకుబడి ఎక్కువ లెండి.

1733లో దుఫే అనే ఫ్రెంచివాడు విద్యుత్తు రెండు జాతులని కనిపెట్టాడు: గాజును రుద్దితే వచ్చేదొకటి, లక్క, తృణమణి వంటివాటిని రుద్దితే వచ్చేదొకటి. ఒకే జాతివి దూరం జరుగుతాయి, వేరు జాతులవి దగ్గరవుతాయి. ఫ్రాంక్లిన్ 1747లో రెండెందుకు, ఒకే ప్రవాహి చాలదా అన్నాడు. గాజులో అది ఎక్కువైంది గనక కూడిక గుర్తు, లక్కలో తక్కువైంది గనక తీసివేత గుర్తు. ఎక్కువైంది గాజులోనే అన్నది ఊహ. 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను గుర్తించాక ఆ ఊహ తిరగబడిందని తేలింది. పట్టుగుడ్డతో రుద్దినప్పుడు గాజుకు ఏమీ రావడం లేదు. గాజులోంచి ఎలక్ట్రాన్లు పట్టులోకి పోతున్నాయి.

పాఠాలు చెప్పేవాళ్లు ఇక్కడ “ఫ్రాంక్లిన్ చేసిన పొరపాటును మనం మోస్తున్నాం” అని నిట్టూరుస్తారు. తెలుగులో చదివేవాడికి ఆ నిట్టూర్పు అక్కరలేదు. మన కూడిక తీసివేతలకు పేర్లు ధనం, ఋణం. బ్రహ్మగుప్తుడు 628లో బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో వాడినవే. సంపద, అప్పు. ఎలక్ట్రాన్లను ఇచ్చిన గాజు ధనావేశం పొందింది, పుచ్చుకున్న పట్టు ఋణావేశం పొందింది. ఇచ్చినవాడు ధనికుడు, పుచ్చుకున్నవాడు ఋణస్థుడు. ఇందులో తప్పేముంది? ఇంగ్లీషులో తలకిందులైన లెక్క షావుకారు ఖాతాలో నిలువునా నిలబడింది. ఇది కాకతాళీయమే, ఎవరూ ఆలోచించి చేసింది కాదు. కాకతాళీయాలే పదచర్చకు పండగ.

కానీ ఇదే చోట ‘ఆవేశం’ అన్న మాట మొదటిసారి తడబడుతుంది. గాజుకడ్డీలోకి ఏదీ రాలేదు. లోంచి పోయింది. పోయినదాన్ని పట్టుకుని లోనికి వచ్చిందని పేరు పెట్టాం. గాజు ధనావేశం నిజానికి లేమి.

ఆవేశాల మధ్య బలం ఎంతో 1785లో కూలూంబ్ మెలితిరిగే సన్నని వెండి తీగతో తూచాడు. అంతకుముందే ప్రీస్ట్‌లీ దూరపు వర్గానికి విలోమమై ఉండాలని ఊహించాడు, కేవెండిష్ ప్రయోగం చేసి ప్రకటించకుండా పెట్టెలో పెట్టుకున్నాడు. కూలూంబ్ అంకెలు చూస్తే ముచ్చటేస్తుంది. ఒకే ఆవేశమున్న రెండు చిన్న బెండు బంతులు 36 డిగ్రీల ఎడంలో నిలిచినప్పుడు తీగ మెలిక 36. ఎడాన్ని 18కి తేవడానికి మొత్తం మెలిక 144 కావలసివచ్చింది. అంటే ఎడం సగం, బలం నాలుగింతలు. ఇంకా తిప్పితే ఎడం ఎనిమిదిన్నర, మెలిక 575న్నర. మళ్లీ సగానికి కాస్త తక్కువ, మళ్లీ నాలుగింతలకు కాస్త తక్కువ. లెక్క అచ్చం సరిపోకపోవడమే ఆ మనిషి నిజంగా తూచాడనడానికి సాక్ష్యం.

ఆ బలం ఎంతటిదో ఊహకు అందడం కష్టం. ఒక్కో కూలూంబు ఆవేశాన్ని రెండు చోట్ల మీటరు ఎడంలో పెట్టగలిగితే అవి ఒకదాన్నొకటి నెట్టుకునే బలం సుమారు 9 లక్షల టన్నుల బరువుకు సమానం. పెట్టలేం గనక బతికిపోయాం. దువ్వెనతో తల దువ్వి కాగితం ముక్కలను లేపేటప్పుడు దువ్వెన మీద ఉండేది కూలూంబులో కోట్ల వంతు కూడా కాదు. ఈ నెట్టుకోవడాన్ని వికర్షణ అంటున్నాం. ‘కృష్’ అంటే దున్నడం, లాగడం. కృషి అందులోంచి వచ్చిందే. కాబట్టి వికర్షణంటే విడిగా లాగడమే గాని నెట్టడం కాదు. మన పరిభాషకు నెట్టుడు తెలియదు.

ఎలక్ట్రాన్ దగ్గర ఆవేశానికి రెండో తడబాటు ఎదురైంది. ఇది మొదటిదానికన్నా లోతు. గాజులోకి ఎలక్ట్రాన్ రావచ్చు, పోవచ్చు. మరి ఎలక్ట్రాన్‌లోకి ఆవేశం ఎక్కణ్ణించి వచ్చింది? ఎక్కణ్ణించీ రాలేదు. 2019 నుంచి దాని విలువ కొలిచి చెప్పేది కూడా కాదు, నిర్వచనం చేసి పెట్టేసింది: 1.602176634 ను ఒకటి పక్కన పందొమ్మిది సున్నాలున్న సంఖ్యతో భాగిస్తే వచ్చే కూలూంబులు. ఏ ఎలక్ట్రాన్‌ను తీసుకున్నా అంతే. ఆవేశం తీసేసి ఎలక్ట్రాన్‌ను మిగల్చడం కుదరదు. వైశేషికులకు ఈ తేడా చెప్పడానికి చక్కని మాటలున్నాయి. రెండు వస్తువులు వచ్చి కలిస్తే సంయోగం, విడదీయవచ్చు. ఎరుపు పువ్వులో ఉన్నట్టు, గుణం ద్రవ్యంలో ఉంటే సమవాయం, విడదీయలేం. ఫ్రాంక్లిన్ కాలానికి ఆవేశం ఒక ద్రవ్యం, వస్తువుతో సంయోగం చెందేది. మన కాలానికి అది గుణం. పేరు సంయోగం నాటిది, అర్థం సమవాయానికి మారింది. పరశురాముడి కోసం పుట్టిన మాటను రాముడికి వాడుతున్నాం.

ఫోన్ల సంగతి చూస్తే ఇంకో తమాషా. మామూలు ఫోన్ బ్యాటరీ 5,000 మిల్లీయాంపియర్ అవర్లంటే 18,000 కూలూంబులు. అవి నిజంగా ఫోన్‌లో చేరి కూర్చుంటే ఏమవుతుందో పై లెక్కను బట్టి ఊహించుకోండి. ఒక కొసన ఎన్ని ఎలక్ట్రాన్లు లోనికి వెళ్తాయో రెండో కొసన అన్నీ బయటికొస్తాయి. చార్జింగ్ నిండిన ఫోన్‌కూ, అయిపోయిన ఫోన్‌కూ మొత్తం ఆవేశం సున్నే. మారింది లోపలి రసాయనాల పరిస్థితి, వాటిలో దాగిన శక్తి. అంటే మనం రోజూ ‘చార్జింగ్’ అనేది అసలు చార్జి కానే కాదు.

మరి జనం ఏమంటారు? “చార్జింగ్ ఎక్కుతోందా?” అంటారు. ఈ ‘ఎక్కు’ను కాస్త ఆగి వినాలి. కోపం ఎక్కుతుంది, మత్తు ఎక్కుతుంది, తేలు విషం ఎక్కుతుంది. మంత్రం వేస్తే విషం దిగుతుంది, వేపమండలతో దయ్యం దిగుతుంది, చార్జింగూ గంటలో దిగిపోతుంది. పుస్తకాల తెలుగు ‘లోనికి రావడం’ చూసిన చోట వాడుక తెలుగు ‘పైకి ఎక్కడం’ చూసింది. ఇందులో భౌతికశాస్త్రం ఆవేశం కన్నా ఎక్కువే ఉంది, ఎందుకంటే ఎక్కడం దిగడం పొటెన్షియల్ తాలూకు మాటలు.

పొటెన్షియల్ ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ పక్కన ఒక గాలిమరలో పిండి విసురుకునే మనిషి పెట్టిన పేరు. జార్జ్ గ్రీన్ చిన్నప్పుడు బడికి పోయింది ఏడాది పైచిలుకు. 1828లో సొంత ఖర్చుతో ఒక వ్యాసం అచ్చేశాడు. చందాదారులు సుమారు యాభై మంది, వాళ్లలో అది అర్థమైనవాళ్లు ఎందరో దేవుడికెరుక. ఆ ఆలోచన అంతకుముందే లగ్రాంజ్, పాయిజాన్ లెక్కల్లో పేరు లేకుండా తిరుగుతోంది. గ్రీన్ దానికి పేరు పెట్టి, దానితో ఏమేం చెయ్యవచ్చో చూపాడు. 1841లో ఆయన పోయాడు. నాలుగేళ్ల తరువాత విలియం థామ్సన్ అనే యువకుడి చేతికి ఆ పుస్తకం దొరికి లోకానికి తెలిసింది.

బలానికి ప్రతిచోటా పరిమాణమే కాదు, దిశ కూడా చెప్పాలి. పొటెన్షియల్‌కు దిశ లేదు. ప్రతి బిందువు దగ్గరా ఒకే ఒక అంకె: ప్రమాణ ధనావేశాన్ని ఎక్కడో అనంతదూరం నుంచి ఇక్కడికి మోసుకురావడానికి ఎంత పని పట్టింది? ఆ అంకె ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకు ధనావేశం దానంతటది దిగుతుంది, ఎక్కించాలంటే మనం పని చెయ్యాలి. దారి ఏదైనా ఫరవాలేదు, లెక్కకొచ్చేది మొదలూ తుదీ మాత్రమే. తీగ మీద వాలిన పిట్ట రెండు కాళ్లూ ఇంచుమించు ఒకే అంకె మీద ఉన్నాయి గనక దానికి ఏమీ కాదు. కింది నుంచి ఇనుప గొట్టం ఎత్తి ఆ తీగకు తగిలించినవాడు 11,000 వోల్టులకీ సున్నాకీ మధ్య నిలబడినట్టు. హిందీ, కన్నడం దీన్ని ‘విభవం’ అన్నాయి. తెలుగు పుస్తకాలు ‘పొటెన్షియల్’నే ఉంచేశాయి. ఇది బద్ధకమని నేననను. విభవమంటే తెలుగు చెవికి ఊరేగింపు వినిపిస్తుంది, పైగా అరవై సంవత్సరాల్లో ఒకదాని పేరు. ధన, ఋణాలతో ఇప్పటికే షావుకారు దుకాణంలా ఉన్న పాఠంలోకి సంపదను కూడా తెస్తే లెక్క చెడుతుంది. ఎక్కు, దిగు అనే క్రియలు మన దగ్గర ఉన్నంతకాలం నామవాచకం పరాయిదైనా నష్టం లేదు.

ఇక తృణమణి దగ్గరికే మళ్లీ రావాలి, ఎందుకంటే అక్కడ ఒకరిని పట్టించుకోకుండా వచ్చేశాం. గడ్డిపరక. రుద్దింది మణిని, ఆవేశం మణిది. గడ్డిపరకను ఎవరూ రుద్దలేదు, దానిలోకి ఏమీ రాలేదు, దానిలోంచి ఏమీ పోలేదు. మరి అదెందుకు లేచి వచ్చింది? ఋణావేశమున్న మణి దగ్గరికి రాగానే పరక అణువుల్లోని ఎలక్ట్రాన్లు రవ్వంత దూరం జరుగుతాయి. దగ్గరి వైపు ధనం, దూరపు వైపు ఋణం తేలతాయి. దగ్గరిది బలంగా లాగబడుతుంది, దూరపుది తక్కువగా నెట్టబడుతుంది, తేడా మేరకు పరక లేస్తుంది. తాకకుండా, ఇవ్వకుండా, పుచ్చుకోకుండా జరిగే ఈ పనికి పుస్తకాల్లో పేరు ప్రేరణ.

ఈ మాట కూడా మనుషుల మధ్య నుంచి వచ్చిందే. కవిని అడగండి: “ఆవేశంలో రాశాను” అంటాడు, లేదా “ఫలానావారి ప్రేరణతో రాశాను” అంటాడు. రెండూ ఒకటి కావు. మొదటిదానిలో రాసింది తాను కాదంటున్నాడు. రెండోదానిలో రాసింది తానే, కదిలించింది ఇంకొకరు. వ్యాకరణం ఈ తేడాను ఇంకా కచ్చితంగా పట్టుకుంది. చేయు–చేయించు, తిను–తినిపించు, నడుచు–నడిపించు: ఈ రెండో వరసకు వ్యాకరణంలో పేరు ప్రేరణార్థకం. చేయించేవాడు చెయ్యి తడి చేసుకోడు. పని జరిగేది రెండోవాడి చేతుల మీదుగానే.

ట్రాన్స్‌ఫార్మర్ మొత్తం ఈ ‘ఇంచు’ ప్రత్యయం మీద నడిచే యంత్రం. 1831 ఆగస్టు 29న మైకేల్ ఫారడే ఒక ఇనుప కడియానికి ఈ పక్కా ఆ పక్కా రెండు తీగచుట్టలు చుట్టాడు. చుట్టకూ ఇనుముకూ మధ్య గుడ్డ, పురికొస. ఒక చుట్టను బ్యాటరీకి కలిపిన క్షణాన రెండో చుట్ట దగ్గరి సూది కొట్టుకుంది. కలిపే ఉంచితే ఊరుకుంది. తీసేసిన క్షణాన ఇటు నుంచి అటు మళ్లీ కొట్టుకుంది. ఇందులో కీలకం నడుమ ఉన్న నిశ్శబ్దమే. కరెంటు ఎంతైనా పారనీ, మారకుండా పారితే పక్కదానికి ఏమీ పట్టదు. మారాలి. మార్పు ఇనుములోని అయస్కాంత అభివాహాన్ని మారుస్తుంది, మారే అభివాహం రెండో చుట్టలోని ప్రతి చుట్టునా కాస్త వోల్టేజీ పుట్టిస్తుంది. ఎన్ని చుట్లుంటే అన్ని రెట్లు. ఏకముఖ విద్యుత్తుకు ట్రాన్స్‌ఫార్మర్ పనికిరానిది ఇందుకే. 1885లో బుడాపెస్టులోని గాంజ్ కర్మాగారంలో జిపెర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరీ అనే ముగ్గురు ఇంజనీర్లు మూసిన ఇనుప గర్భంతో దీన్ని అమ్మకానికి తగ్గ సరుకుగా చేశారు. ఆ తరువాత ఊరూరికీ వచ్చింది.

మన చేల గట్ల మీద రెండు స్తంభాల నడుమ ఉండే పెట్టెలోకి 11,000 వోల్టుల లైను వస్తుంది, బయటికి మోటారుకు సరిపడే మూడు ఫేజులు పోతాయి. ఒక్కో ఫేజు లెక్కన చూస్తే పై చుట్టలో 44 చుట్లకు కింది చుట్టలో ఒకటి. 11,000 కాస్తా 250 అవుతుంది. వోల్టేజీ ఎంత దిగుతుందో కరెంటు అంత ఎక్కుతుంది. నూటికి 98 పైచిలుకు శక్తి దాటిపోతుంది. దూరం నుంచి తెచ్చేటప్పుడు వోల్టేజీ పెంచితే అదే శక్తికి తీగలో కరెంటు తక్కువ పడుతుంది, తీగ వేడెక్కి పోయే నష్టం కరెంటు వర్గాన్ని బట్టి తగ్గుతుంది. ఇంత తతంగం అందుకే. ఇంత జరిగినా పై చుట్టలోని ఒక్క ఎలక్ట్రాన్ కూడా కింది చుట్టలోకి రాదు. శ్రీశైలంలో కదిలిన ఎలక్ట్రాన్ మన పొలానికి వస్తుందనుకోవడం భ్రమ. సెకనుకు 50 మార్లు అటూ ఇటూ ఊగే కరెంటులో అది తన చోటనే, కంటికి ఆనని దూరంలో ఊగులాడుతూ ఉంటుంది. మోటారును తిప్పేవి మోటారు తీగలో మొదటి నుంచీ ఉన్న ఎలక్ట్రాన్లే. ఎక్కడో ఉన్నవాడు వాటి చేత తిప్పిస్తున్నాడు, అంతే.

రెండు చుట్టల మధ్య సంబంధాన్ని పుస్తకాలు అన్యోన్య ప్రేరణ అన్నాయి. ఈ ‘అన్యోన్యం’ మర్యాదకు పెట్టింది కాదు. కింది చుట్టకు మోటారు తగిలించగానే దానిలో పారే కరెంటు, తనను పుట్టించిన మార్పుకే అడ్డు తిరుగుతుంది. ఆ అడ్డును పూరించడానికి పై చుట్ట లైను నుంచి మరింత కరెంటు గుంజుకుంటుంది. చేయించేవాడు ఎంత శ్రమపడాలో చేసేవాడు నిర్ణయిస్తున్నాడన్నమాట. ఆవేశంలో ఇలాంటి బేరం లేదు. వచ్చినది పెత్తనం చేస్తుంది, వచ్చిన చోటు ఊరుకుంటుంది.

ట్రాన్స్‌ఫార్మర్‌ను పరివర్తకం అని పిలవాలన్న ప్రయత్నం కూడా ఉంది. రైతులు అంతకన్నా ముందే దాన్ని ‘ట్రాన్స్‌ఫారం’ చేసుకున్నారు. చివర సున్నా పెట్టగానే అది పుస్తకం, పొలం వరసలో చేరింది. ట్రాన్స్‌ఫారానికి, ట్రాన్స్‌ఫారంలో అని విభక్తులు నొప్పిలేకుండా అతుకుతాయి. నా ఓటు దానికే.

ఆ ట్రాన్స్‌ఫారం కాలిపోయి కొత్తది పెట్టాక కరెంటు శాఖ వాళ్లు “చార్జ్ చేశాం” అంటారు. లైను వేయడం పూర్తయి సప్లై ఇచ్చినా “లైను చార్జ్ చేశాం” అనే అంటారు. బడి పుస్తకం ప్రకారం ఇది తప్పు మాట. పెట్టెలో అదనంగా చేరిన ఆవేశమేమీ నిలవలేదు. గుడి తెలుగులో మాత్రం ఇది అచ్చంగా ఆవేశమే: నిన్నటి ఇనుప పెట్టే ఇవాళా అలాగే ఉంది, ముట్టుకోకూడదు, అంతే తేడా. మరమ్మతుకు ఎక్కాలంటే ఏబీ స్విచ్ దించితే సరిపోదని పాత లైన్‌మన్ కొత్తవాడికి మొదట చెప్పే సంగతి. తీగలన్నీ కలిపి ఎర్త్ రాడ్లు తగిలించాకే చెయ్యి వేయాలి. స్విచ్ దించాక కూడా లైను మీద కాస్త ఆవేశం మిగిలి ఉండవచ్చు. అది నేలలోకి దిగాలి. పక్కనే ఇంకో లైను పారుతుంటే దాని ప్రేరణ వల్ల చచ్చిన లైను మీద కూడా వోల్టేజీ లేవవచ్చు. దానికీ నేల దారి ఉండాలి. ఎవరో తెలియక ఇంట్లో జనరేటరు వేస్తే కింది చుట్ట పై చుట్టయి, 250 వోల్టులు తిరిగి 11,000 కావచ్చు. అందుకని రాడ్లు పని జరిగే చోటికి రెండు వైపులా కడతారు, పని పూర్తయి అందరూ దిగాకే విప్పుతారు.